పర్షియన్ "ఊ" ఇంగ్లీషులో అతడా, ఆమెనా?

నమస్కారం. నేను పర్షియన్ నుంచి ఇంగ్లీషుకు అనువాదాలు చేస్తుంటాను. ఇప్పుడు చేతిలో ఉన్నది ఇస్ఫహాన్ తివాచీల గురించిన వ్యాసం. అందులో పేరు లేని ఒక నేతపనివారి ప్రస్తావన పేజీన్నర సాగుతుంది. అంతా "ఊ" అనే. ఆ సర్వనామానికి లింగభేదం లేదు. యంత్రానువాదం మాత్రం నిస్సంకోచంగా "అతడు" అని రాసేసింది. ఇరాన్‌లో తివాచీలు నేసేవారిలో ఆడవాళ్లు ఎంతమందో దానికి తెలియదు కాబోలు! రచయితను అడిగే దారి లేదు. మీరైతే ఏం చేస్తారు?

మరో చిక్కు. ధర అడిగితే దుకాణదారు "ఖాబెల్ నదారె" అంటాడు. మీ ముందు దీని విలువ ఎంత అన్న మర్యాద, వాళ్లు తారూఫ్ అనేది. డబ్బు మాత్రం ఇవ్వాల్సిందే. మాటకు మాట దింపితే ఇంగ్లీషు పాఠకుడు తివాచీ చంకన పెట్టుకుని వెళ్లిపోతాడు. అడుగున వివరణ ఇవ్వాలా, వాక్యంలోనే సర్దాలా? అంత చొరవ అనువాదకుడికి ఉందా?

అసలు తలనొప్పి సాఫ్ట్‌వేర్‌తో. నేను దాచుకున్న పాత అనువాద వాక్యాలు వెతికితే దొరకడం లేదు. రెండు రోజులు కుస్తీ పడ్డాక తెలిసింది: పాత ఫైళ్లలో "యే", "కాఫ్" అక్షరాలు అరబిక్‌వి, కొత్తవాటిలో పర్షియన్‌వి. పదం మధ్యలో చూపుకు ఒకటే, కంప్యూటర్ అక్షరాలకిచ్చే సంకేతాల్లో, అంటే యూనికోడ్‌లో, వేరు. పైగా క్రియల ముందు చేరే "మీ" అనే ఉపసర్గ తర్వాత ఉండాల్సిన అరఖాళీ (అక్షరాలు కలిసిపోకుండా ఆపే, వెడల్పు లేని గుర్తు) చాలాచోట్ల పూర్తి ఖాళీగా ఉంది. ఒక్కసారిగా మార్చేద్దామంటే మధ్యమధ్య అరబిక్ ఉల్లేఖనలున్నాయి. వాటిని ముట్టకుండా మిగతావి సరిచేసే పద్ధతి ఎవరైనా చెప్పగలరా? ఫైళ్ల నకలు తీసి పెట్టుకున్నాను.