అప్‌డేట్: త్రాంబిన్ కలిపినా వెలుగు తగ్గని ఆప్టమర్ సమస్య తీరింది

రక్తం గడ్డకట్టించే త్రాంబిన్ అనే ప్రోటీన్‌ను పట్టుకునే 15 బేస్‌ల డీఎన్ఏ ముక్కకు (ఆప్టమర్‌కు) ఒక కొసన వెలిగే ఫ్యామ్ డై, రెండో కొసన దగ్గరైతే ఆ వెలుగును ఆర్పే డాబ్సిల్ క్వెంచర్ పెట్టించాను, త్రాంబిన్ తగిలితే అది ముడుచుకుని వెలుగు తగ్గాలి కానీ, కలిపినా తగ్గట్లేదని ఇక్కడే అడిగాను కదా. బఫర్‌లో (ఆప్టమర్‌ను కలిపే ఉప్పు ద్రావణంలో) పొటాషియం ఉందేమో చూడమన్నవారికి దండం, అదే అసలు సంగతి. ల్యాబ్‌లో అందరూ వాడే పీబీఎస్ అనే ఫాస్ఫేట్ బఫర్‌లో పొటాషియం ఉంటుంది. అది తగిలితే ఈ డీఎన్ఏ ప్రోటీన్ రాకముందే జీ-క్వాడ్రుప్లెక్స్‌గా (జీ బేస్‌లు నాలుగేసి జతకట్టిన మడతగా) ముడుచుకుని, కొసలు దగ్గరై, వెలుగు ముందే పడిపోతుంది. ఇక త్రాంబిన్ వచ్చి తగ్గించేదేముంది!

పొటాషియం లేని ట్రిస్, మెగ్నీషియం క్లోరైడ్ బఫర్‌కు మార్చి, ఆప్టమర్‌ను 95 డిగ్రీలకు వేడిచేసి చల్లార్చాక వాడాను. త్రాంబిన్ వేసిన ప్లేట్ గుంటల్లో వెలుగు గీత చకచకా దిగింది, పోలిక కోసం బీఎస్ఏ అనే వేరే ప్రోటీన్ వేసినవాటిలో కదల్లేదు. మన వైజాగ్ ఉక్కపోతకు డై పాడైందన్న అనుమానం ఉత్తదే. వెలుగు కొలిచే ప్లేట్ రీడర్‌లో గెయిన్ (సిగ్నల్‌ను పెంచే సెట్టింగ్) మార్చినా ఒరిగిందేమీ లేదు. సీరంతో చేసేవాళ్లకు మాత్రం పొటాషియం తలనొప్పి ఎటూ తప్పదు.