టోకెలావు ప్రజలను రెండుసార్లు అడిగినా వారు న్యూజిలాండ్‌ను ఎందుకు వదులుకోలేదు?

ప్రశ్న (పోటీ పరీక్షల అభ్యర్థి):
ఐక్యరాజ్యసమితి దగ్గర ఉన్న 'స్వపరిపాలన లేని భూభాగాల' జాబితాలో ఇప్పటికీ 17 ప్రాంతాలు ఉన్నాయి. వాటిలో పసిఫిక్ మహాసముద్రంలోని టోకెలావు సంగతి నాకు కొరుకుడు పడలేదు. తన అధీనంలోని ఈ దీవులను సొంత పాలన వైపు నడిపించడానికి న్యూజిలాండ్ తానే ముందుకు వచ్చింది. 2006లోను, 2007లోను ప్రజాభిప్రాయ సేకరణ జరిగితే రెండుసార్లూ ప్రతిపాదన వీగిపోయింది. పరాయి పాలన పోవాలని ప్రాణాలిచ్చినవారి కథలు వింటూ పెరిగిన నాకు ఈ ప్రజల మనసు అర్థం కావడం లేదు. తెలిసినవారు వివరించగలరా?

సమాధానం (పాత అట్లాసు):
ముందుగా ఒక మాట. అక్కడ వద్దన్నవారు ఎక్కువ మంది కారు. 2006లో పోలైన 581 ఓట్లలో 349, 2007లో 692 ఓట్లలో 446 మార్పుకు అనుకూలంగానే పడ్డాయి. అయితే ఇంత పెద్ద నిర్ణయానికి మూడింట రెండు వంతుల మద్దతు ఉండాలన్న నియమం వల్ల రెండోసారి 16 ఓట్లు తక్కువయ్యాయి. ఒక్క బంతిలో భోజనానికి కూర్చునేంత మంది! 'తిరస్కరించారు' అని ఒక్క ముక్కలో రాసేసే పాఠ్యపుస్తకాలు ఆ 446 మందికి అన్యాయం చేస్తున్నాయని నా అభిప్రాయం.

ఇక అడిగింది కూడా పూర్తి స్వాతంత్ర్యం గురించి కాదు. 1960 నాటి ఐక్యరాజ్యసమితి తీర్మానం అధీన ప్రాంతాలకు మూడు దారులు చూపింది: స్వతంత్ర దేశం కావడం, మరో దేశంతో స్వేచ్ఛగా అనుబంధం పెట్టుకోవడం, అందులో పూర్తిగా విలీనం కావడం. టోకెలావు ముందు ఉంచింది రెండో దారి. 1965లో కుక్ దీవులు, 1974లో నియూ అదే దారిలో వెళ్లి, న్యూజిలాండ్ పౌరసత్వాన్ని ఉంచుకుంటూనే తమ ప్రభుత్వాన్ని తాము నడుపుకుంటున్నాయి.

మరి వెనకడుగు ఎందుకంటే, ఆ నేలను ఒకసారి ఊహించుకోండి. సముద్ర మట్టానికి కొద్ది మీటర్ల ఎత్తున మూడు పగడపు దీవులు, దాదాపు 1,500 మంది జనం. విమానాశ్రయం లేదు. సమోవాలోని అపియా నుంచి ఓడలో ఒక రోజుకు పైగా ప్రయాణించాలి. తీరా వచ్చాక ఓడ ఆగడానికి రేవు లేదు కనుక అది పగడపు దిబ్బల అవతలే నిలబడితే, మనుషులూ బియ్యం బస్తాలూ చిన్న పడవల్లోకి దిగి అలల మధ్య నుంచి ఒడ్డుకు చేరాలి. పెద్ద వైద్యం కావలసిన రోగి బయటికి వెళ్లేదీ ఆ పడవలోనే. అలాంటి చోట ఆసుపత్రి ఖర్చు ఎవరు భరిస్తారు, బడ్జెట్‌లో సింహభాగమైన న్యూజిలాండ్ సొమ్ము రేపు కూడా వస్తుందా అన్న భయం సహజమే. ఇప్పుడది పాలించే దేశం బాధ్యత. ఒప్పందం కుదిరాక అది ఇచ్చిన మాట అవుతుంది, బాధ్యతకూ మాటకూ తేడా పెద్దలకు బాగా తెలుసు. దీవుల్లో ఉన్నవారికంటే న్యూజిలాండ్‌లో స్థిరపడ్డ టోకెలావు వారే ఎన్నో రెట్లు ఎక్కువ, వారికి ఈ ఓటింగులో పాలు లేదు.

పరాయి పాలన అంటే మనకు కలెక్టరు, శిస్తు, లాఠీ గుర్తొస్తాయి. టోకెలావు వ్యవహారాలు చూసే న్యూజిలాండ్ అధికారి అసలు ఆ దీవుల్లో కాపురమే ఉండడు. ఊరి సంగతులు పెద్దల సభ తేలుస్తుంది. అందరూ కలిసి పట్టిన చేపలను ఒకచోట పోసి, ఇంట్లో ఎంతమంది ఉన్నారో చూసి వాటాలు వేసే 'ఇనాటి' అనే పద్ధతి నేటికీ ఉంది. తమ బతుకు తమ చేతిలోనే ఉందని వారు అనుకుంటే, అది తప్పని మనం ఎలా అనగలం?

సమాధానం (మరో సభ్యుడు):
పై వివరణతో ఏకీభవిస్తాను. కానీ 'ప్రజలను అడిగారు' అన్న మాట దగ్గర కొంచెం ఆగాలి. ఫ్రాన్స్ అధీనంలోని న్యూ కాలెడోనియాలో స్వాతంత్ర్యం వద్దన్నవారు 2018లో 56.7 శాతం, 2020లో 53.3 శాతం. తేడా తగ్గుతూ వచ్చింది. మూడోసారి, 2021 డిసెంబరులో, కోవిడ్ మృతులకు ఆచారం ప్రకారం సంతాపం పాటించాలి కనుక వాయిదా వేయమని మూలవాసులైన కనాక్ నాయకులు కోరినా ఫ్రాన్స్ వినలేదు. వారు బహిష్కరించడంతో పోలింగు 44 శాతానికి పడిపోయి, 'వద్దు' 96.5 శాతానికి చేరింది. ఆ అంకెను తీర్పుగా నేను అంగీకరించలేను. ఆ తర్వాత అక్కడి ఎన్నికల్లో ఓటు హక్కును కొత్తగా వచ్చి స్థిరపడినవారికీ ఇవ్వబోతే 2024 మేలో అల్లర్లు చెలరేగి ప్రాణాలు పోయాయి. ఎప్పుడు అడుగుతారు, ఎవరిని అడుగుతారు అన్నదాని మీదే ఫలితం ఆధారపడి ఉంటుంది.

సమాధానం (గౌతమి ఒడ్డు):
మాది యానాం, అందుకే ఈ చర్చ నాకు దగ్గరగా అనిపించింది. 1954 అక్టోబరు 18న పుదుచ్చేరి దగ్గరి కీళూరులో ఫ్రెంచి స్థావరాల భవితవ్యం తేల్చినవారు 178 మంది ఎన్నికైన ప్రతినిధులు. వారిలో 170 మంది భారతదేశంలో కలవాలన్నారు. సామాన్య ఓటరు ముందుకు ఆ ప్రశ్న రాలేదు. అయినా 1956 నాటి విలీన ఒప్పందంలో ఒక మంచి వాక్యం చేరింది: ఈ ప్రాంతాల ప్రత్యేక పరిపాలనా ప్రతిపత్తిని మార్చాలంటే ముందుగా ప్రజల అభీష్టం తెలుసుకోవాలి. ఒప్పందం 1962లో అమల్లోకి వచ్చింది. చుట్టూ ఆంధ్రప్రదేశ్ ఉన్నా మేము నేటికీ వందల కిలోమీటర్ల దూరంలోని పుదుచ్చేరితోనే ఉన్నాం. పక్క జిల్లాలో కలపాలన్న మాట వచ్చినప్పుడల్లా మా ఊళ్లో పెద్దలు చూపించేది ఆ వాక్యాన్నే. టోకెలావు పెద్దలు భయపడింది నోటిమాటకైతే, వారికి కావలసింది కూడా ఇలాంటి రాతే అని నాకు అనిపిస్తోంది.