అప్‌డేట్: దళసరి ఆకుల మొక్క రణపాలే

గేటు పక్క కుండీలో దానంతట అదే మొలిచిన, ఆకు అంచుల్లో నొక్కులున్న మొక్క ఏమిటని అడిగాను కదా, అది రణపాల. మీరు చెప్పినట్టే ఒక ఆకు తుంచి తడి మట్టి మీద పెట్టాను. నొక్కుల దగ్గర వేళ్లతో సహా బుల్లి మొక్కలు వచ్చాయి! ఎంత సంతోషమేసిందో. ఇక అనుమానం లేదు.

కింది ఆకులు పసుపుబారి మెత్తబడింది కుండీలో నీళ్లు నిలవడం వల్లే. ఇసుక కలిపిన మట్టిలోకి మార్చాక, పైమట్టి బాగా ఆరితేనే పోస్తున్నాను. కొత్త ఆకులు గట్టిగా ఉన్నాయి.

ఒక్క జాగ్రత్త: ఇది పశువులు తింటే గుండెకు ప్రమాదం, పూలు మరీనూ. మా వీధిలో ఆవులు తిరుగుతాయి కాబట్టి కుండీని మేడ మీద, పొద్దుటి ఎండ తగిలేచోట పెట్టాను. గంటల్లా వేలాడే పూలు చలికాలంలో వస్తే ఫోటో పెడతాను.