చీమలు దగ్గరి దారి పట్టడం లేదు, ఎందుకు?

వంటగట్టు మీదికి వచ్చే, కుట్టని చిన్న నల్ల చీమలతో రెండు వంతెనల ప్రయోగం చేస్తున్నాను: చీమలకీ తిండికీ మధ్య ఒక పొట్టి, ఒక పొడుగు దారి పెట్టి, ఏది ఎంచుకుంటాయో చూడటం. 1989లో అర్జెంటీనా చీమలతో చేసి చూపించినదే. పొట్టి దారిన వెళ్లినవి ముందుగా తిరిగొస్తాయి కాబట్టి అక్కడ అవి నడుస్తూ వదిలే వాసన జాడ త్వరగా చిక్కబడి, కాసేపటికి దాదాపు అన్నీ అటే పోతాయి.

నా అట్ట వంతెనలు 20, 40 సెంటీమీటర్లు. అవతల బెల్లం పాకం. సాయంత్రం ఆరున్నర నుంచి గంటసేపు, ఐదు నిమిషాలకోసారి లెక్కపెట్టాను. నాలుగు రోజులూ ఇంచుమించు సగం సగమే. ఒకరోజైతే పొడుగు దారిలోనే ఎక్కువ.

రోజూ కొత్త అట్ట పెట్టాను, చేతివాసన అంటకుండా పట్టకారుతో. ఫ్యాన్ ఆపాను. వంతెనలు కుడి ఎడమలు మార్చాను. పాకం బదులు పల్లీ ముక్కలు పెడితే ఇంకా తక్కువ వచ్చాయి. ఏ సమయంలో చూసినా రెండు వంతెనల మీదా కలిపి 15కి మించి చీమలు ఉండటం లేదు.

భూతద్దంతో చూస్తే, పాకం తాగి వచ్చేవి పొట్ట చివర అట్టకి ఆనిస్తూ, ఆగి ఆగి నడుస్తున్నాయి. వెళ్లేవి అలా చేయడం లేదు. అర్జెంటీనా చీమలు రాకపోకలు రెండింట్లోనూ జాడ వేస్తాయి కదా, అందుకే అనుమానం.

ఈ ప్రయోగం చేసినవాళ్లు దయచేసి చెప్పండి: లోపం చీమలు చాలకపోవడమా, లేక వెళ్లేటప్పుడు జాడ వేయని జాతిని ఎంచుకోవడమా?