ఊరి భూముల చరిత్ర రాయాలంటే ఏ రికార్డు నుంచి మొదలుపెట్టాలి?

ఆయకట్టు_నర్సంపేట:
నర్సంపేట దిక్కు ఒక ఊరి గురించి అడుగుతున్నాను. నాలుగు వందల పైచిలుకు సర్వే నంబర్లు. ఏ చెలక, ఏ పొలం ఏ ఇంటివాళ్ల చేతిలో ఎప్పటి నుంచి ఉంది, ఎట్లా చేతులు మారింది అన్నది నంబరువారీగా రాయాలి. ఇప్పటి 1-బి (హక్కుల రికార్డు) ఉంది, ఖాస్రా పహాణీ (ఊరి భూముల పాత రికార్డు) జిరాక్సు ఉంది, అది ఉర్దూలో ఉంది. చదివించాక మూడు చిక్కులు వచ్చాయి. సగం నంబర్లకు పట్టాదారుగా ఒక్కరే కనిపిస్తున్నారు, ఆయన నాగలి పట్టినట్టు ఊళ్లో ఎవరూ చెప్పరు. ఇంటిపేర్లు ఎక్కడా లేవు. విస్తీర్ణాలు కూడితే మొత్తం కలవడం లేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

గొలుసు_టీపన్:
మూడోది తేలిక, ముందు అది తీసేద్దాం. పహాణీలో 3.25 అంటే మూడు ఎకరాల ఇరవై అయిదు గుంటలు. దశాంశం కాదు. 3.25కి 2.30 కలిపితే 5.55 రాదు, 6.15 వస్తుంది. నలభై గుంటలకు ఎకరం, గుంటకు 121 చదరపు గజాలు, పదహారు ఆణాలకు గుంట. ఎక్సెల్‌లో ఎక్కిస్తే ఎకరాలకు ఒక గడి, గుంటలకు ఒక గడి పెట్టండి, లేకపోతే చివరిదాకా తప్పే. అప్పటికీ తేడా వస్తే పోట్‌ఖరాబు చూడండి. రాయి, బండ, బావి గడ్డ కింద పోయిన గుంటలను సాగు విస్తీర్ణంలోంచి తీసేసి వేరే గడిలో రాస్తారు.

ఇక పట్టాదారు సంగతి. మీరు చూడాల్సిన గడి అది కాదు, దాని పక్కన ఉండే కాబిజు గడి. 1954-55 ఖాస్రాలో పట్టాదారు పేరు ఒకటి, కబ్జాలో ఉండి దున్నేవాడి పేరు ఇంకొకటి ఉంటుంది. దేశ్‌ముఖ్ పేరు మీదున్న నంబర్లలో సాగు చేసినవాళ్ల పేర్లు ఆ గడిలోనే దొరుకుతాయి. తర్వాత 1955-58 చెసలా పహాణీ తీసి అదే నంబరు చూడండి. రెండింటిలోనూ అదే కాబిజు ఉంటే ఆ కుటుంబం అక్కడ స్థిరంగా దున్నినట్టే. పేరు మారితే ఎందుకు మారిందో ఫైసల్ పట్టీలో వెతకాలి. ఏటేటా పట్టాల్లో జరిగిన మార్పులు అందులో ఎక్కుతాయి. విరాసత్తు (వారసత్వం) అయితే విరాసత్తు అని, అమ్మకం అయితే అమ్మకం అని ఉంటుంది.

ఇంకో మాట. 2017 తర్వాతి రికార్డులతో ఎవరు సాగు చేస్తున్నారో తేల్చకండి. ధరణి ఆన్‌లైన్ రికార్డులో అనుభవదారు (సాగు చేసేవాడి) గడి తీసేశారు, పట్టాదారు ఒక్కడే మిగిలాడు. ఆ ఏళ్లకు వ్యవసాయ విస్తరణ అధికారి చేసే పంట నమోదే కొంత ఆసరా.

మానుకోట_పాతకాగితం:
ఉర్దూ చదివించినోళ్లకు ఊరి పేర్లు తెల్వకపోతే పని ఖరాబైతది. ఆ లిపిల పొట్టి అచ్చులు రాయరు. ఎల్లయ్య అన్నా ఐలయ్య అన్నా కాగితం మీద ఒక్క తీరే కనవడుతది. కొమురయ్య, కుమారయ్య కూడ అంతే, నడుమ ఒక్క గీతే తేడా. ళ, ల ఒకటే, ణ, న ఒకటే. అందుకని చదివేటోనితోని మొదలు తెలుగుల రాయించకుండ్రి. అక్షరం పక్కన అక్షరం పెట్టి రాయించుకొని, ఏ పేరన్నది ఊళ్లె పెద్దమనుషుల ముంగట తేల్చుకోండ్రి.

ఇంటిపేరు ఉండదు గని తండ్రి పేరు ఉంటది. 'వల్ద్' అంటే ఫలానాయన కొడుకు, 'జౌజే' అంటే ఫలానాయన భార్య. ఆడోళ్ల పేరు మీద పట్టా కనవడితె ఇడువకుండ్రి, పెనిమిటి సచ్చిపోయి పిల్లలు చిన్నగున్న ఇల్లయి ఉంటది, లేకుంటె కొడుకులు లేని ఇంటికి ఇల్లరికం వచ్చి ఉంటది. తాత పేరు మనుమనికి పెట్టుడు మనకు అలవాటే గద. మల్లయ్య వల్ద్ రామయ్య, రామయ్య వల్ద్ మల్లయ్య ఒకే నంబరుల వస్తె ఒక్కలే అనుకోకుండ్రి, ఏండ్లు చూసి విడదీయాలె.

అన్నిటికంటె పెద్ద మోసం 'వగైరా' అన్న మాట. పెద్దకొడుకు పేరు రాసి వగైరా అంటరు. దాని ఎన్క నలుగురు అన్నదమ్ములు ఉండొచ్చు. ఒక్కడే అనుకొని రాస్తె మూడు కుటుంబాలు మీ పుస్తకంలకెల్లి పోతయి. పంచుకున్నంక నంబరు బై పడి (ముక్కలై) అ, ఆ, ఇ అయితది. ఆ బై నంబర్లను ఎన్కకు పట్టుకుంట పోతె వగైరాల ఎవరెవరున్నరో బయటపడుతది.

సీలింగు_ఫైలు:
కుటుంబాలు కావాలంటే ఎవరూ ముట్టని ఫైలు ఒకటుంది. 1973 భూసంస్కరణల చట్టం కింద పెద్ద రైతులు ఇచ్చిన డిక్లరేషన్లు. 1975 జనవరి 1 నాటికి ఇంట్లో ఎవరెవరున్నారు, వాళ్ల వయసులు, ఏ ఊళ్లో ఏ నంబరు ఎంత, 1971 జనవరి 24 తర్వాత ఎవరికి రాసిచ్చారు, అన్నీ సంతకం పెట్టి చెప్పుకున్నారు. భూమి తప్పించుకోవడానికి చేసిన కాగితపు పంపకాలు కూడా వీటిలో ఉంటాయి కాబట్టి నిజంగా వేరుపడ్డారా అన్నది విడిగా తేల్చుకోవాలి.

కౌలుదార్లకు 1950 కౌలుదారీ చట్టం కింద తయారైన రక్షిత కౌలుదార్ల రిజిస్టరు చూడండి. దాంట్లో పేరుండి తర్వాత 38-ఇ సర్టిఫికెట్ వచ్చిందంటే దున్నినవాడే హక్కుదారు అయ్యాడని అర్థం. రిజిస్టర్లో ఉండి సర్టిఫికెట్ రాని పేర్లే ఎక్కువ ఆలోచించదగ్గవి. శిస్తు లేకుండా లేదా తక్కువ శిస్తుకు ఇచ్చిన ఇనాం నంబర్లకు 1955 ఇనాంల రద్దు చట్టం కింద ఇచ్చిన హక్కు పత్రం ఓఆర్‌సీ ఉంటుంది. అది ఆర్డీవో ఆఫీసు పని, తహసీల్దారు దగ్గర అడిగితే లేదనే అంటారు.

ఆయకట్టు_నర్సంపేట:
చాలా సంతోషం. ఖాస్రా కంటే వెనక్కు పోవచ్చా? పిచ్చుకుంట్లవాళ్లు చెప్పే వంశావళులు వాడుకోవచ్చా?

గొలుసు_టీపన్:
పోవచ్చు. సేత్వార్ తీయించండి. బందోబస్తు (భూమి కొలిచి శిస్తు కట్టిన) నాటి రికార్డు అది, నంబరు, విస్తీర్ణం, శిస్తు, పట్టాదారు ఉంటాయి. సర్వే ఏడీ ఆఫీసులో సేత్వార్, టీపన్ (కొలతల కాగితం), ఊరి నక్షా మూడింటికీ నకళ్లు అడగండి. ఏళ్లు ఫసలీలో, అంటే అప్పటి రెవెన్యూ సంవత్సరాల్లో ఉంటాయి. 590 కలిపితే ఏడాది మొదలయ్యే ఇంగ్లిషు సంవత్సరం వస్తుంది. నిజాం రాజ్యంలో ఫసలీ అక్టోబరులో ఆజుర్ నెలతో మొదలు, కాబట్టి జనవరి తర్వాతి తేదీలకు 591 కలపాలి. శిస్తు నిజాం నాణెమైన హాలీ సిక్కాలో ఉంటుంది, ఏడు హాలీ రూపాయలు సుమారు ఆరు బ్రిటిష్ ఇండియా రూపాయలు. ఊరు జాగీరు అయ్యుంటే 1949లో జాగీర్లు రద్దయ్యేదాకా లెక్కలు జాగీర్దారు దగ్గరే. దివానీ (సర్కారు) ఊరి రికార్డు వెతికినట్టు వాటిని తాలూకాలో వెతికితే ఏమీ దొరకదు. తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో అడగాలి.

మానుకోట_పాతకాగితం:
పిచ్చుకుంట్లోళ్లు కాపోళ్ల గోత్రాలు, మందెచ్చులోళ్లు గొల్లలవి, డక్కలోళ్లు మాదిగలవి చెప్తరు. ఒక్కొక్కలకు ఒక్కొక్క కులం మిరాశి (వంశపారంపర్య హక్కు), ఊర్లు పంచుకొని ఉంటరు. ఇంటిపేరు, ఏ ఊరికెల్లి వచ్చిండ్రన్నది వాళ్ల దగ్గరే దొరుకుతది, పహాణీల రాదు. తరాల లెక్క మాత్రం నమ్మకుండ్రి, నడుమ తరాలు ఎగిరిపోతయి. మూడు తరాలదాక వల్ద్‌తోని సరిచూసుకోండ్రి.

సీలింగు_ఫైలు:
అర్జీ గురించి ఒక్క ముక్క. 'మా ఊరి పాత రికార్డులన్నీ' అని రాస్తే తిప్పి పంపుతారు. ఊరు, సర్వే నంబరు, ఏ పహాణీ, ఏ ఏడాది అని రాయండి. ఒక్కో అర్జీలో ఇరవై నంబర్లకు మించొద్దు. సమాచార హక్కు కింద అడిగితే మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10, కోర్టు ఫీజు స్టాంపు అంటిస్తే చాలు. శిథిలమైందని జవాబొస్తే ఆ కాగితం పారేయకండి, అదే జత చేసి కలెక్టరేట్ రికార్డు రూముకు అర్జీ పెట్టండి. ముందు చెరువు కింది తరి నంబర్లు పట్టుకోండి. ఆబీ (వానాకాలం), తాబీ (యాసంగి) గడుల్లో ఏ కారుకు ఎవరు నాటారో ఉంటుంది కాబట్టి చేతులు మారడం అక్కడే త్వరగా దొరుకుతుంది. ఖుష్కీ చెలకలు తర్వాత చూసుకోవచ్చు.