‘జాంబీ’ని తెలుగులో ఏమందాం?

అందరికీ నమస్కారం. 1941లో వచ్చిన ‘కింగ్ ఆఫ్ ది జాంబీస్’ అనే అమెరికన్ హారర్ కామెడీకి తెలుగు సబ్‌టైటిల్స్ రాస్తున్నాను. ‘జాంబీ’కి తెలుగు మాట చెప్పమని ఇక్కడ అడిగితే చాలా మంది స్పందించారు. నడిచే శవం, లేచొచ్చిన పీనుగు, ప్రేతం, బేతాళుడు, జీవచ్ఛవం. అన్నిటినీ డైలాగుల్లో పెట్టి చూశాను. చూస్తుంటే, మాట దొరకడం కన్నా పెద్ద చిక్కు ఒకటి బయటపడింది. అది చెప్పాలనే ఈ పోస్టు. కాస్త పెద్దదే.

ముందు బేతాళుడి సంగతి. శవంలో ఉంటాడు కాబట్టి దగ్గరగానే ఉందనిపించింది. కానీ మన బేతాళుడికి నోరుంది, తెలివుంది, పంతముంది. భుజం మీద కూర్చుని కథ చెప్పేది, ప్రశ్న వేసేది, మళ్ళీ చెట్టెక్కేది అతనే. మోసేవాడు రాజు. జాంబీ దీనికి పూర్తిగా తలకిందులు. తనకంటూ ఇష్టం లేదు, మాట లేదు. ఎవడో లేపాడు, వాడు చెప్పిన పని చేస్తూ ఉండాలి.

‘జాంబీ’ అనే మాట అమెరికాకు కరీబియన్ దేశమైన హైతీ నుంచి వచ్చింది. అక్కడి క్రియోల్ భాషలో ‘జోంబి’. దాని వెనక ఆఫ్రికాలోని కికోంగో భాష మాటలున్నాయని భాషావేత్తలు చెప్తారు. దేవుడు అనే అర్థం ఉన్న ‘న్జాంబి’ అందులో ఒకటి. ఆ మాటల్ని సముద్రం దాటించింది ఓడల్లో బంధించి తెచ్చిన బానిసలు. హైతీ అప్పట్లో ఫ్రెంచివాళ్ళ చెరకు తోటల వలసరాజ్యం. 1791లో బానిసలు తిరగబడ్డారు, 1804లో స్వతంత్ర దేశం తెచ్చుకున్నారు. ఆ తోటల్లో బతికిన మనిషికి చావంటే భయం మాత్రమే కాదు, ఒక ఆశ కూడా. చచ్చాక ఆఫ్రికాలో తాతముత్తాతల దగ్గరికి చేరతామని వాళ్ళ నమ్మకం. ఆ దారి కూడా మూసుకుపోయినవాడే జాంబీ. బోకోర్ అనే మంత్రగాడు అతని ఆత్మను పట్టేసి, ఒంటిని మాత్రం లేపి పొలంలో దింపుతాడు. ఇక రాత్రనక పగలనక పనే. నాలుక మీద ఉప్పు పడితే తనెవరో గుర్తొచ్చి సమాధి వైపు నడుస్తాడట. ఉప్పు ముట్టనివ్వని యజమాని! ఈ చిన్న వివరం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను.

హైతీవాళ్ళ భయం జాంబీ వచ్చి కరుస్తుందని కాదు. తాము జాంబీ అయిపోతామేమో అని.

అందుకే ‘నడిచే శవం’ నాకు చాలలేదు. నడవడం అసలు విషయం కాదు, ఎవరి కోసం నడుస్తోంది అన్నదే విషయం. ‘జీవచ్ఛవం’ చక్కని మాట, ఉన్నవాటిలో నాకు బాగా నచ్చింది. కానీ దుఃఖంతో కుప్పకూలిన మనిషిని కూడా జీవచ్ఛవం అంటాం. వెనక ఒక యజమాని ఉన్నాడని ఆ మాట చెప్పదు.

ఇప్పుడు ఆ చిక్కు. 1915 నుంచి 1934 దాకా అమెరికా సైన్యం హైతీని ఆక్రమించుకుని ఉంది. ఆ కాలంలోనే, 1929లో, విలియం సీబ్రూక్ అనే అమెరికన్ రచయిత హైతీ గురించి ఒక పుస్తకం వేశాడు. చెరకు తోటల్లో పనిచేసే చచ్చినవాళ్ళ గురించి అందులో ఒక అధ్యాయం ఉంది. 1932లో ‘వైట్ జాంబీ’ సినిమా వచ్చింది. అందులో ఇంకా చెరకు మిల్లుంది, ఆ మిల్లులో పనిచేసేది జాంబీలే. 1941కి వచ్చేసరికి చెరకు మాయమైంది, కామెడీ వచ్చి చేరింది.

నేను రాస్తున్న సినిమాలో ముగ్గురు ప్రయాణిస్తున్న విమానం కరీబియన్ దీవిలో కూలుతుంది. ఇద్దరు తెల్లవాళ్ళు. మూడోవాడు జెఫ్, వాళ్ళ దగ్గర పనిచేసే నల్లజాతి మనిషి. దీవిలో ఒక డాక్టరు ఇల్లు, ఆ ఇంట్లో జాంబీలు. జాంబీలను ముందు చూసేది జెఫ్. పరిగెత్తుకెళ్ళి చెప్తాడు. వీళ్ళొచ్చి చూసేసరికి అక్కడ ఎవరూ ఉండరు. ఎవరూ నమ్మరు. అతని కళ్ళు పెద్దవవడం, కాళ్ళు వణకడం, మాట తడబడటం, ఇవే నవ్వుకి సరుకు. నిజం చెప్పిన ఒకే ఒక్క మనిషి మీద సినిమా అంతా నవ్వు!

దీన్ని తీసిన మోనోగ్రామ్ చిన్న సంస్థ. అలాంటి చవక సంస్థలన్నిటినీ కలిపి హాలీవుడ్‌లో ‘పావర్టీ రో’ అనేవారు, పేదరికపు వీధి అని. దయ్యాన్ని నమ్మకంగా చూపించాలంటే ఖర్చు. దయ్యాన్ని చూసి జడుసుకున్న ముఖాన్ని చూపించడం చవక. ఆ ముఖం వాళ్ళు కొత్తగా తయారు చేసింది కూడా కాదు. 1830ల నుంచి తెల్ల నటులు కాల్చిన బెండు మసి పూసుకుని నల్లవాళ్ళను ఎగతాళి చేసిన మిన్‌స్ట్రెల్ ఆటల్లోంచి దిగిన అచ్చు అది. మూసపాత్ర అని మనం ఊరికే అనలేదు. మూసలో పోస్తే ఎన్నిసార్లయినా అదే బొమ్మ వస్తుంది, ప్రతిసారీ కొత్తగా ఆలోచించే ఖర్చు ఉండదు.

నన్ను బాధపెట్టేది ఇదీ. ఆ భయాన్ని కథగా మలిచింది బానిసలు. దాన్ని వాళ్ళ దగ్గర్నుంచి తీసుకుని, మరో చోటి బానిసల మనవడి చేత నటింపజేసి, వీడెంత పిరికివాడో చూడండి అని నవ్వించారు. ఇది తెలిశాక ‘జాంబీ’ బదులు మనకు అలవాటైన దయ్యం పేరేదో పెట్టేసి ముందుకు పోవడానికి నా చెయ్యి రావడం లేదు. మీరేమంటారు?

వ్యాఖ్య: బాగా రాశారక్కా. జాంబీని జాంబీగానే ఉంచండి, అందరికీ తెలిసిన మాటే. కానీ జెఫ్ డైలాగులకి ఏదైనా యాస పెడితే బాగా పండుతుంది కదా? ఇంగ్లీషులో కూడా అతను యాసలోనే మాట్లాడతాడు.

జవాబు: తమ్ముడూ, మొదటి ప్రతిలో నేనూ అదే చేశాను. ఒక ప్రాంతపు యాస పెట్టాను. మర్నాడు చదువుకుంటే భయమేసింది. ఇద్దరు తెల్లవాళ్ళు పుస్తకాల తెలుగు మాట్లాడుతున్నారు, పిరికివాడు మాత్రం ఆ ప్రాంతం వాళ్ళలా మాట్లాడుతున్నాడు. అక్కడి ఎగతాళిని తెచ్చి ఇక్కడ ఇంకెవరి నెత్తినో రుద్దినట్టే కదా. మొత్తం చెరిపేశాను.

ఇంకో మాట. ఇంగ్లీషులో ‘ఐ డయలెక్ట్’ అని ఒక పద్ధతి ఉంది, కంటికి మాత్రమే కనిపించే యాస. ఆ పేరు పెట్టినవాడు జార్జ్ ఫిలిప్ క్రాప్ అనే భాషా పండితుడు, 1925లో. ‘వాజ్’ అనే మాటను అందరూ పలికేది ఒకేలా. కానీ ఒక పాత్ర డైలాగులో మాత్రం దాని స్పెల్లింగు తప్పుగా రాస్తారు. చెవికి ఏ తేడా లేదు, చదివేవాడికి మాత్రం వీడు చదువురానివాడని ముద్ర పడిపోతుంది. తెలుగులో మనం ఇదే పని ఇంకా తేలిగ్గా చేస్తాం. మాట్లాడేటప్పుడు ‘వస్తున్నాను’ని మనలో చాలామంది ‘వస్తన్నా’ అనే అంటాం. నాయకుడు అంటే ‘వస్తున్నాను’ అని రాసి, పనివాడు అంటే ‘వస్తన్నా’ అని రాస్తే ఆ తేడా వాళ్ళ నోట్లో లేదు, మన కలంలో ఉంది. అందుకని ముగ్గురికీ ఒకే మామూలు వాడుక తెలుగు పెట్టాను. జెఫ్ హడావిడి అంతా వాక్యాల పొడవులోనే చూపిస్తున్నాను. చిన్న చిన్న వాక్యాలు, మధ్యలో తెగిపోయేవి.

వ్యాఖ్య: ఈ రకం సినిమాల్లో ‘స్పూక్’ అని వినిపిస్తుంది. దయ్యమనే రాయొచ్చా?

జవాబు: దయ్యమనే రాయాలండీ, డచ్చి భాషలోంచి వచ్చిన ఆ మాటకి అసలు అర్థం అదే. కానీ అమెరికాలో 1940ల నాటికే అది నల్లవాళ్ళను తిట్టే మాట కూడా అయింది. నల్లజాతి పాత్ర పక్కన ఆ మాట వస్తే రెండు అర్థాలూ మోగుతాయి. తెలుగు ‘దయ్యం’లో ఒకటే మోగుతుంది. ఇక్కడ నష్టపోవడమే మంచిదని నా అభిప్రాయం.

వ్యాఖ్య: అమ్మా, అడుగుతున్నానని అనుకోవద్దు. ఇంత విషం ఉన్న సినిమాని తెలుగులోకి తేవడం ఎందుకు? మర్చిపోతే పోలేదా?

జవాబు: మాస్టారూ, ఆ ప్రశ్న నన్నూ చాలా రోజులు పట్టుకుంది. దీన్ని వదిలెయ్యకుండా నన్ను ఆపింది జెఫ్ వేషం వేసిన మాంటన్ మోర్లండ్. సినిమాలో మిగతావాళ్ళు డైలాగులు అప్పజెప్తుంటారు, ఈయన ఒక్కడే బతికి ఉంటాడు. ఒక చోట మంత్రం పడి తానూ జాంబీనే అయ్యానని నమ్మి, వెళ్ళి ఆ వరసలో నిలబడతాడు. అప్పుడు ఆయన ముఖం చూడండి. 1957లో న్యూయార్క్ బ్రాడ్వేలో అందరూ నల్లజాతి నటులతో బెకెట్ నాటకం ‘వెయిటింగ్ ఫర్ గోడో’ వేసినప్పుడు, అందులోని రెండు ముఖ్య పాత్రల్లో ఒకటైన ఎస్ట్రగాన్ ఈయనే. అంతటి నటుడికి హాలీవుడ్ ఇచ్చింది పనివాళ్ళ, డ్రైవర్ల వేషాలు. యుద్ధం తర్వాత అలాంటి పాత్రల మీద నల్లజాతి సంఘాల నుంచే వ్యతిరేకత పెరిగింది, అది న్యాయమే. కానీ వేషాలు తగ్గినప్పుడు దెబ్బ తగిలింది ఆ పాత్రలు రాసినవాళ్ళకి కాదు, వేసినవాళ్ళకి. సినిమాని మర్చిపోతే ఆయన్నీ మర్చిపోతాం. నేను అందుకు ఒప్పుకోలేకపోతున్నాను.

వ్యాఖ్య: మొదట్లో చిన్న వివరణ కార్డు వెయ్యండి. మాట మార్చకుండానే అర్థం చెప్పొచ్చు. ‘వెట్టి’ అనే మాట వాడి చూడండి.

జవాబు: అబ్బ, ఎంత మంచి మాట ఇచ్చారు! ఇన్నాళ్ళూ శవం చుట్టూ తిరిగానే గాని పని వైపు నుంచి వెతకలేదు. ఇలా రాశాను: ‘జాంబీ: హైతీ మాట. చచ్చాక కూడా వెట్టి తప్పని మనిషి.’ సినిమా లోపల జాంబీ అనే ఉంటుంది.

చివరగా ఒక సాయం కావాలి. మోర్లండ్‌కి నాటకశాలల నుంచి వచ్చిన ఒక విద్య ఉంది. ఇద్దరు మాట్లాడుకుంటారు, ఒక్క వాక్యం కూడా పూర్తి చెయ్యరు. అయినా ఇద్దరికీ అంతా అర్థమైపోతుంది. బెన్ కార్టర్‌తో కలిసి 1945 నాటి ‘ది స్కార్లెట్ క్లూ’లో చేశాడు. ఇందులో పిరికితనం లేదు, మసి పూసిన వేషం లేదు, ఇద్దరు మనుషుల మధ్య అంత చనువుంటే తప్ప నడవని ఆట. తర్వాత దానికి సబ్‌టైటిల్స్ రాయాలని ఉంది. ఇంగ్లీషులో క్రియ ముందే వచ్చేస్తుంది, కాబట్టి సగంలో ఆపితే ఎవరిని, ఎక్కడ అన్నవి మిగిలిపోతాయి. తెలుగులో క్రియ చివర్న వస్తుంది, ఆపితే అసలు ఏం జరిగిందన్నదే మిగిలిపోతుంది. మనకు ఇది ఇంకా బాగా కుదురుతుందేమో అని, ఆ పద్ధతిలో సొంతంగా ఒకటి రాసి చూశాను. ఎక్కడ తేలిపోయిందో చెప్పండి.

— నిన్న ఆయన్ని, అదే మన...
— అయ్యో, తెలియకేం! కానీ అప్పటికే ఆయన...
— అవునా? మరి వాళ్ళావిడ...
— ఆవిడ కాదు, ఆవిడ చెల్లెలు. తనైతే ఏకంగా...
— అంతకా!
— అంతకెందుకిస్తారు, మొదట్లో...
— ఆఁ, అలాగైతే సరే.