వాటర్‌ప్రూఫ్ ఇంకు గీతలు ప్రయాణాల్లోనే ఎందుకు చెదురుతున్నాయి?

కిటికీ దగ్గర కుండీ మొక్కలు, వంటగదిలో గిన్నెలు, బయటికెళ్తే చెట్లు, బెంచీలు... కంటికి కనిపించినవన్నీ స్కెచ్ చేస్తుంటాను. పెన్సిల్‌తో లేతగా గీసి, దాని మీద 0.3 సైజు మొన ఉన్న పిగ్మెంట్ ఇంకు పెన్నుతో (ఆరాక నీటికి చెదరని రకం) గీతలు వేసి, చివర్లో పల్చగా వాటర్‌కలర్ వేస్తాను.

ఇంట్లో వాడే 300 జీఎస్‌ఎం (చదరపు మీటరు కాగితం బరువు, గ్రాముల్లో) కాటన్ పేపర్ మీద ఏ ఇబ్బందీ లేదు. ప్రయాణాల్లో వెంట తీసుకెళ్లే 200 జీఎస్‌ఎం స్కెచ్‌బుక్‌తోనే సమస్య. పెన్ను అదే, రంగులూ అవే. కానీ తడి బ్రష్ తగలగానే గీత పక్కన బూడిదరంగు మరక పాకుతుంది. అన్ని చోట్లా కాదు. మొన్న ఒక పెద్ద చెట్టు వేస్తే, కొమ్మల సన్నగీతలు చెక్కుచెదరలేదు. మాను మీద బెరడు పగుళ్ల కోసం గీత మీద గీత దట్టంగా వేసిన చోట మాత్రం పసుపు రంగు మురికిగా మారిపోయింది. ఆ బెరడు కోసమే అరగంట కూర్చున్నాను, చాలా బాధేసింది.

2 నిమిషాలకు బదులు 15 నిమిషాలు ఆరనిచ్చాను. కొత్త పెన్ను తీశాను. టిష్యూతో అద్ది చూశాను. పెన్సిల్ లేకుండా నేరుగా ఇంకుతో గీసినా అంతే, కాబట్టి గ్రాఫైట్ మీద అనుమానం లేదు. మర్నాడు రంగు వేస్తే మరక సగానికి తగ్గింది కానీ పూర్తిగా పోలేదు.

కాగితానికి సైజింగ్ (తడిని వెంటనే పీల్చేయకుండా కలిపే పదార్థం) ఎక్కువగా ఉంటే ఇంకు లోపలికి ఇంకడానికి టైమ్ పడుతుందని తెలుసు. కూర్చున్న చోటే బొమ్మ పూర్తి చేయాలంటే, మీ అనుభవంలో ముందు మార్చాల్సింది స్కెచ్‌బుక్కా, పెన్నా?